ఆయిల్లోకి నీళ్లు ఏ దారిన వచ్చాయి?

బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగితే నల్లగానో తేనె రంగులోనో మెరుస్తూ రావాల్సిన ఆయిల్, లేత గోధుమరంగులో నురుగు కట్టి పుల్లకు ముద్దలా అంటుకుని వస్తుంది. పక్కన కూలెంట్ డబ్బాలో చూస్తే మట్టం అడుగంటి ఉంటుంది. ఇది చూసిన మెకానిక్ నోట వచ్చే మాట విజయవాడ ఆటోనగర్లోనైనా, హైదరాబాద్‌లో వీధి చివర షెడ్డులోనైనా దాదాపు ఒకటే: "హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నా, హెడ్ ఊడదీయాలి."

ఆ మాట చాలాసార్లు నిజమవుతుంది, కొన్నిసార్లు కాదు. ఆయిల్, కూలెంట్ కలవడానికి ఇంజిన్లో అరడజను దారులున్నాయి. హెడ్ ఊడదీసి, లేత్‌కు పంపి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించిన వారానికే ఆయిల్ మళ్లీ తెల్లబడితే, అసలు లీకు ఇంకెక్కడో ఉందని అర్థం. అప్పటికి ఖర్చు మాత్రం అయిపోయి ఉంటుంది.

తెల్లబడ్డ ఆయిల్ ఒక లక్షణం. ఆ లక్షణం వెనక ఉన్న జబ్బు ఏదో తేలాలంటే రెండు ప్రశ్నలు వేయాలి. ఏది దేనిలోకి పోతోంది? దాన్ని అటు తోస్తున్న పీడనం ఎక్కడిది, ఎప్పటిది? ఈ అధ్యాయమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

పలుచటి రేకు, మూడు కాపలాలు

ఇంజిన్‌లో ముఖ్యంగా రెండు పెద్ద పోతలుంటాయి. కిందిది బ్లాక్, పిస్టన్లు ఆడే సిలిండర్లు అందులో ఉంటాయి. పైది హెడ్, వాల్వులు, స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండి అయితే ఇంజెక్టర్లు అందులో ఉంటాయి. రెండింటినీ పెద్ద బోల్టులతో బిగిస్తారు. ఎంత నునుపుగా చెక్కినా రెండు లోహపు ముఖాల మధ్య కంటికి కనపడని గీతలూ గుంటలూ మిగులుతాయి. వాటిని పూడ్చడానికి మధ్యలో పరిచేదే హెడ్ గ్యాస్కెట్. దాని మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ.

దాని మీద పెద్ద గుండ్రటి రంధ్రాలు సిలిండర్లకు. చిన్న రంధ్రాల్లో కొన్ని కూలెంట్ ప్రవహించే దారులకు, కొన్ని ఆయిల్ దారులకు. ఒక రంధ్రానికీ పక్కదానికీ మధ్య మిగిలేది కొన్నిచోట్ల కొన్ని మిల్లీమీటర్ల వెడల్పే. ఆ ఇరుకులో అది ఆపాల్సిన పీడనాల మధ్య మాత్రం ఎంతో తేడా ఉంది. పెట్రోల్ ఇంజిన్ గట్టిగా లాగుతున్నప్పుడు సిలిండర్లో మంట పీడనం 50 నుంచి 80 బార్ల దాకా లేస్తుంది. టర్బో డీజిల్లో 150 కూడా దాటుతుంది. వేడెక్కిన ఇంజిన్లో ఆయిల్ పంపు తోసే పీడనం 2 నుంచి 5 బార్లు. కూలెంట్‌ది బయటి గాలికంటే సుమారు ఒక బారు ఎక్కువ. హెడ్‌లో పని ముగించుకుని, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లోకి జారిపోయే ఆయిల్ దారుల్లో మాత్రం పీడనం దాదాపు సున్నా. ఈ నాలుగు స్థాయిలు గుర్తుంటే తర్వాత వచ్చే తర్కం తేలికగా పట్టుబడుతుంది.

80 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్లో 70 బార్ల పీడనం పుడితే, హెడ్‌ను పైకి తోసే బలం సుమారు మూడున్నర టన్నులు. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ సెకనుకు 25 సార్లు ఆ దెబ్బ కొడుతుంది. ప్రతి దెబ్బకూ హెడ్ పైకి లేవాలని చూస్తుంది, బోల్టులు లేవనివ్వవు. కంటికందనంత చిన్న ఆ కదలికలోనూ గ్యాస్కెట్ రెండు ముఖాలనూ అంటిపెట్టుకునే ఉండాలి.

ఒకప్పుడు దీన్ని రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టి చేసేవారు. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలాక ఆ స్థానంలోకి గ్రాఫైట్ వచ్చింది. 1990ల నుంచి పలుచటి స్టీలు రేకులను మూడు నాలుగు పొరలుగా పేర్చిన రకం వ్యాపించింది. ఆ రేకుల మీద ఉబ్బెత్తు గట్లుంటాయి. అవి స్ప్రింగులా నొక్కుకుని, హెడ్ కదిలినప్పుడల్లా ఖాళీని పూడుస్తాయి. ఈ రకానికి బలం ఎక్కువే గానీ, హెడ్ ముఖం చాలా నునుపుగా, చాలా చదునుగా లేకపోతే మాత్రం లీకు ఆపలేదు.

గ్యాస్కెట్ ఎందుకు పోతుంది

గ్యాస్కెట్ తనంతట తాను పోవడం అరుదు. ఎక్కువసార్లు ఇంజిన్ హీటెక్కడం ముందు జరుగుతుంది, గ్యాస్కెట్ పోవడం తర్వాత.

చాలా ఇంజిన్లలో బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే సుమారు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. 450 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వెళ్తే 0.6 మిల్లీమీటర్లు సాగుతుంది. కింద ఉన్న బ్లాక్ సాగేది అందులో సగం. తేడా 0.3 మిల్లీమీటర్లు. బండి స్టార్ట్ చేసి, నడిపి, ఆపి, చల్లారనిచ్చిన ప్రతిసారీ ఆ తేడా అంతా గ్యాస్కెట్ మీద రాపిడిగా పడుతుంది. దీన్ని తట్టుకునేలాగే దాన్ని తయారు చేస్తారు. ఉష్ణోగ్రత హద్దు దాటితే మాత్రం లెక్క మారుతుంది. వేడెక్కిన హెడ్ మందంలోనూ ఉబ్బాలని చూస్తుంది, బోల్టులు ఒప్పుకోవు. అల్యూమినియం మెత్తబడి నలుగుతుంది. చల్లారాక పాత ఆకారానికి రాదు. బోల్టుల పట్టు కొంత సడలిపోతుంది, హెడ్ ముఖం వంకర తిరుగుతుంది. ఆ రోజు బండి బాగానే ఇంటికి చేరవచ్చు. లీకు నెల తర్వాత బయటపడవచ్చు.

మరి ఇంజిన్ ఎందుకు హీటెక్కుతుంది? రేడియేటర్ మూతను చాలామంది ఉత్త మూతనుకుంటారు, నిజానికి అది పీడనాన్ని అదుపులో పెట్టే వాల్వు. నీరు మామూలు గాలి పీడనంలో 100 డిగ్రీలకు మరుగుతుంది. ఒక బారు అదనంగా నొక్కి ఉంచితే 120 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు ఎండిపోయి పట్టు తప్పితే ఆ 20 డిగ్రీల రక్షణ పోతుంది. హెడ్ లోపల వేడి ఎక్కువగా ఉన్నచోట కూలెంట్ ఆవిరవుతుంది. ద్రవం మోసినంత వేడిని ఆవిరి మోయలేదు కాబట్టి ఆ చోటు ఇంకా వేడెక్కుతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. కూలెంట్ బాగా తగ్గిపోయి సెన్సర్ ఆవిరిలో మిగిలితే డ్యాష్‌బోర్డు ముల్లు పెరగాల్సిందిపోయి తగ్గవచ్చు. ముల్లు కిందికి దిగిందని నిశ్చింతగా నడిపేవారు ఇంజిన్‌ను పట్టేసేదాకా తీసుకెళ్తారు.

మన దగ్గర ఇంకో కారణం బోరు నీళ్లు. కూలెంట్ తగ్గితే దారిలో దొరికిన నీళ్లు పోసి సాగిపోవడం లారీలకూ ట్రాక్టర్లకూ అలవాటే. కఠిన జలమైన బోరు నీళ్లలోని కాల్షియం లవణాలు వేడికి లోపలి గోడల మీద తెల్లటి పొరగా గడ్డకడతాయి. వేడిని దాటనివ్వడంలో ఆ పొర పోత ఇనుముకంటే 20 రెట్లు అధ్వానం. ఒక మిల్లీమీటరు పొర పేరిందంటే గోడ మందం సుమారు రెండు సెంటీమీటర్లు పెరిగినంత అడ్డం. పైగా ఉత్త నీళ్లలో తుప్పును ఆపే రసాయనాలుండవు. అల్యూమినియం హెడ్‌లో నీటి రంధ్రాల అంచులను తుప్పు తినేస్తే, గ్యాస్కెట్ కూర్చోవాల్సిన చోటే మిగలదు.

కలిశాక జరిగేది

నూనె, నీరు కలవవని చిన్నప్పటి నుంచి వింటాం. ఇంజిన్లో కలుస్తాయి. కలిపేవి రెండు. ఒకటి, నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ చిలికే క్రాంక్‌షాఫ్ట్, ఆయిల్ పంపు. రెండోది, ఆయిల్లోనే ఉన్న రసాయనాలు. మసిని అంటుకోకుండా తేలియాడించడానికి కంపెనీలు ఆయిల్లో కలిపే డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు నీటి బిందువులను కూడా చుట్టుముట్టి, అవి మళ్లీ ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డుపడతాయి. ఈ మిశ్రమమే ఎమల్షన్. వెన్నలో కొవ్వు మధ్య సన్నటి నీటి బిందువులుంటాయి. పాలలో నీటి మధ్య కొవ్వు బిందువులుంటాయి. డిప్‌స్టిక్ మీద కనిపించేది వెన్న రకం, రేడియేటర్లోకి ఆయిల్ చేరినప్పుడు కనిపించేది తరచూ పాల రకం. రంగు మారడానికి కారణం కొత్త పదార్థం పుట్టడం కాదు. లక్షల బిందువుల అంచుల దగ్గర వెలుతురు విరిగి అన్ని వైపులకూ చెదరడం వల్లే ఆ తెలుపు.

దీనివల్ల నష్టం మొదట బేరింగుల దగ్గర కనబడుతుంది. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికి బేరింగ్ పైభాగాన రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆ రంధ్రంలోంచి ఆయిల్ పైకి చిమ్మింది. బిరడా కొడితే బిరడాను కూడా తోసేసింది. తిరిగే ఇరుసు ఆయిల్‌ను తనకూ బేరింగ్‌కూ మధ్యకు లాక్కుని సొంతంగా పీడనం పుట్టిస్తుందని, లోహం లోహాన్ని తాకకుండా ఆయిల్ పొర మీదే తేలుతుందని అలా తెలిసింది. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దానికి గణిత సిద్ధాంతం రాశాడు. ఇప్పటి కారు క్రాంక్‌షాఫ్ట్ కూడా అదే సూత్రం మీద, ఎక్కువ ఒత్తిడి పడే చోట ఒకటి రెండు మైక్రోమీటర్లకు పలచబడే పొర మీద, తిరుగుతోంది. ఆ పొర నిలిచేది ఆయిల్ చిక్కదనం వల్ల. మధ్యలో నీటి బిందువు వచ్చిందంటే అక్కడ ఆ చిక్కదనం ఉండదు. వేడికి ఆవిరైపోతే పొరే తెగుతుంది.

కూలెంట్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ నీటికంటే చెడ్డది. నీరు కొంత ఆవిరై పోతుంది, గ్లైకాల్ మిగిలిపోతుంది. వేడికి ఆక్సీకరణం చెంది ఆమ్లాలుగా మారి బేరింగుల్లోని సీసం, రాగిని తింటుంది. జిగురు పదార్థంగా మారి ఫిల్టరును పూడ్చేస్తుంది. అందుకే ఆయిల్ తెల్లబడిందని తెలిశాక "షెడ్డు దాకా నడిపించుకుపోదాం" అనుకోవడం ప్రమాదం. టోయింగ్ ఖర్చు క్రాంక్‌షాఫ్ట్ ఖర్చుకంటే ఎప్పుడూ తక్కువే.

సిలిండర్లోకే కూలెంట్ చేరితే ఇంకో ముప్పు. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు పిస్టన్ మీద కూలెంట్ పోగవుతుంది. గాలిని నొక్కవచ్చు గానీ ద్రవాన్ని నొక్కలేం. పొద్దున సెల్ఫ్ కొట్టగానే పైకి వచ్చే పిస్టన్‌కు ఆ ద్రవం అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మూత కింది మీగడ

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి ముద్ద కనిపించినంత మాత్రాన గ్యాస్కెట్ పోయినట్టు కాదు.

పెట్రోల్ మండితే నీరు పుడుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో వస్తుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోయినా, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కింది చాంబర్లోకి జారుతుంది. ఆయిల్ బాగా వేడెక్కేదాకా బండి నడిస్తే అది ఆవిరై బయటికి పోతుంది. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో ఆయిల్‌కు అంత వేడి పట్టదు. ఇంజిన్లో చల్లగా ఉండే చోట్లలో పైమూత ఒకటి, కాబట్టి ఆవిరి అక్కడ చేరి ఆయిల్ తుంపరతో కలిసి మీగడలా పేరుకుంటుంది. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో శీతాకాలపు ఉదయాల్లో ఇది మరీ ఎక్కువ.

ఈ అనుమానం తీర్చుకోవడం తేలిక. మూత కింద ముద్ద ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్ మట్టం నెలలుగా కదలకపోతే, ముద్దను తుడిచేసి బండిని గంటసేపు హైవే మీద నడిపి మళ్లీ చూడాలి. తిరిగి రాకపోతే అది ఆవిరి ముద్దే. కూలెంట్ తగ్గుతూ ఆయిల్ మట్టం పెరుగుతుంటే మాత్రం అది లీకే. బండి ఆయిల్‌ను తగ్గించుకోగలదు గానీ, తనంతట పెంచుకోలేదు.

ఎటు నుంచి ఎటు

ఇప్పుడు మొదట చెప్పుకున్న ఆ నాలుగు పీడనాలను పనిలో పెడదాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పంపు తోస్తున్న ఆయిల్‌ది కూలెంట్‌కంటే ఎక్కువ పీడనం. ఈ రెండింటి మధ్య గోడ చిల్లుపడితే ఆయిల్ కూలెంట్‌లోకి పోతుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ పీడనం సున్నాకు పడిపోతుంది. కూలెంట్ ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి దాని పీడనం కొంతసేపు అలాగే నిలుస్తుంది. అప్పుడు ప్రవాహం తిరగబడి కూలెంట్ ఆయిల్లోకి పోతుంది. చాంబర్లోకి ఆయిల్ జారే దారి దగ్గర చిల్లుపడితే మాత్రం కూలెంట్ ఎప్పుడూ ఆయిల్లోకే పోతుంది, ఎదురు దిక్కున ఏమీ రాదు.

దీన్నిబట్టి కూలెంట్ డబ్బాలో ఆయిల్ తేలుతోందంటే, పంపు ఒత్తిడిలో ఉన్న ఆయిల్, కూలెంట్ ఎదురుపడే చోటును వెతకాలి. అలాంటి చోట్లు ముఖ్యంగా రెండు: హెడ్‌కు ఆయిల్ ఎక్కే రంధ్రం దగ్గర గ్యాస్కెట్, లేదా ఆయిల్ కూలర్. చాలా డీజిల్ కార్లలో ఆయిల్ ఫిల్టర్ పక్కనే ఆయిల్ కూలర్ ఉంటుంది. పలుచటి పలకలకు ఒక పక్క ఆయిల్, ఇంకో పక్క కూలెంట్. అందులో ఒక పలక చిట్లినా, సీలు పోయినా చూడటానికి అచ్చం గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది. కూలర్ మార్చడానికి హెడ్‌ను ముట్టుకోనక్కర్లేదు. డబ్బాలో తేలేది గులాబీ రంగులో ఉంటే, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండి అయితే, ఇంజిన్ ఆయిల్‌కంటే ముందు గేర్ ఆయిల్‌ను అనుమానించాలి. రేడియేటర్ తొట్టిలోనే గేర్ ఆయిల్ చల్లార్చే గొట్టం ఉండే బండ్లలో ఆ గొట్టం చిల్లుపడుతుంది.

కూలెంట్ శుభ్రంగా ఉండి, ఆయిల్ మాత్రమే తెల్లబడితే దారులు వేరు: ఆయిల్ జారే రంధ్రం దగ్గర గ్యాస్కెట్, కొన్ని ఇంజిన్లలో టైమింగ్ కవర్ గ్యాస్కెట్, హెడ్‌లోనో బ్లాక్‌లోనో పగులు. లారీలు, ట్రాక్టర్ల డీజిల్ ఇంజిన్లలో ఇంకొకటి చేరుతుంది. వాటి సిలిండర్ లైనర్లు చాలావరకు విడిగా ఉండి, వెలుపలి గోడను కూలెంట్ నేరుగా తాకుతుంది. అడుగున రబ్బరు రింగులు కూలెంట్‌ను చాంబర్లోకి దిగకుండా ఆపుతాయి. ఆ రింగులు ఎండిపోతే నీళ్లు నేరుగా చాంబర్లోకే. లైనర్ గోడకు చిల్లు పడటమూ ఉంది: మంట దెబ్బకు లైనర్ కంపించి, పక్కనున్న కూలెంట్‌లో సన్నటి బుడగలు పుట్టి పగులుతాయి, ఆ పగులుడు ఏళ్ల తరబడి లోహాన్ని గుంటలుగా తవ్వుతుంది.

ఇక సిలిండర్ మంటకూ కూలెంట్‌కూ మధ్య గ్యాస్కెట్ తెగితే లక్షణాలు ఇంకోలా ఉంటాయి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ మంట వాయువు కూలెంట్‌లోకి చొరబడుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే హోస్ పైపు గట్టిపడుతుంది, డబ్బాలో బుడగలు ఆగకుండా లేస్తాయి. ఆపాక కూలెంట్ సిలిండర్లోకి జారుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మిస్సింగ్, ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గని తెల్లటి పొగ. ఇక్కడ తేలికగా తప్పిపోయే విషయం ఒకటుంది: ఈ రకంలో ఆయిల్ పూర్తిగా శుభ్రంగా ఉండవచ్చు. ఆయిల్ తెల్లబడలేదు కాబట్టి గ్యాస్కెట్ బాగుందనడం, తెల్లబడింది కాబట్టి పోయిందనడం లాగే తొందరపాటు.

పరీక్షల వరుస

చవకది ముందు, ఖరీదైనది వెనక; ఊడదీయనక్కర్లేనిది ముందు, ఊడదీయాల్సింది చివర. ఇదీ క్రమం. వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఏ పరీక్షకూ తీయకూడదు. 110 డిగ్రీల కూలెంట్ మీద పీడనం ఒక్కసారిగా పోతే అది మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కూలెంట్ తియ్యటి వాసన వేస్తుంది గానీ విషం. నాలుకకు తగలనివ్వకూడదు, కుక్కలకు అందేచోట వదలకూడదు.

మొదటిది రాత్రి ఆగిన బండి మీద చేసేది. నీళ్లు, గ్లైకాల్ ఆయిల్‌కంటే బరువు. పూర్తిగా చిలకబడని కూలెంట్ రాత్రికి చాంబర్ అడుగుకు దిగుతుంది. పొద్దున స్టార్ట్ చేయకముందే డ్రెయిన్ బోల్టును కొద్దిగా సడలిస్తే ముందు నీళ్లు వస్తాయా, ఆయిల్ వస్తుందా చూడవచ్చు. ఇంకో చిట్కా: సుమారు 150 డిగ్రీలున్న ఇనుప పలక మీద ఒక చుక్క ఆయిల్ వేస్తే, అందులో నీరుంటే చిటపటలాడుతుంది. వెయ్యింట ఒక వంతు నీటిని కూడా ఇది పట్టిస్తుంది. లేబొరేటరీలో దీన్నే ఖచ్చితంగా కొలవడానికి జర్మన్ రసాయనవేత్త కార్ల్ ఫిషర్ 1935లో ప్రకటించిన పద్ధతి వాడతారు. నీరంతా ఆవిరైపోయినా ఆయిల్లో సోడియం, పొటాషియం మిగిలి ఉంటే అవి కూలెంట్ రసాయనాల నుంచి వచ్చి ఉండవచ్చు. పెద్ద లారీ కంపెనీలు, జనరేటర్లు నడిపేవారు ఆయిల్ శాంపిళ్లను క్రమం తప్పకుండా పంపేది ఇందుకే.

రెండోది ప్రెజర్ టెస్ట్. చల్లటి ఇంజిన్లో రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం దాకా కొట్టి, పావుగంట వదిలేయాలి. ముల్లు దిగితే ఎక్కడో లీకుంది. బయట తడి కనిపిస్తే గొడవ లేదు. కనిపించకపోతే స్పార్క్ ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టి చూడాలి. ఏ రంధ్రంలోంచి కూలెంట్ చిమ్మితే ఆ సిలిండరే. లారీ ఇంజినైతే కింద చాంబర్ విప్పి, పీడనం కొట్టి, కిందనుంచి చూడాలి. చుక్క ఏ లైనర్ వెంట జారుతోందో కళ్లెదుటే తేలిపోతుంది.

మూడోది రంగు పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా రేడియేటర్ నోటి దగ్గరి గాలిని నీలిరంగు ద్రవం గుండా లాగుతారు. ఈ పరీక్షకు మూత తీసి ఉండాలి కాబట్టి, చల్లటి ఇంజిన్ మీదే పరికరం అమర్చి తర్వాత స్టార్ట్ చేస్తారు. ఆ ద్రవంలో ఉండే రంగు బ్రోమోథైమాల్ బ్లూ. మంట వాయువులోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే స్వల్పంగా ఆమ్లమవుతుంది, దాంతో నీలం ఆకుపచ్చ మీదుగా పసుపుకు తిరుగుతుంది. ద్రవం పసుపుకు తిరిగితే సిలిండర్‌కూ కూలెంట్‌కూ దారి ఏర్పడినట్టే: గ్యాస్కెట్, లేదా పగులు. రంగు మారకపోతే తేలేది మాత్రం కొంతే. ఆయిల్ దారికీ కూలెంట్ దారికీ మధ్య మాత్రమే గ్యాస్కెట్ తెగితే అక్కడ మంట వాయువే ఉండదు. ద్రవం నీలంగానే మిగులుతుంది. చాలామంది ఈ నీలాన్ని చూసి గ్యాస్కెట్‌ను నిర్దోషిగా వదిలేస్తారు.

నాలుగోది కంప్రెషన్. అన్ని సిలిండర్లూ సమానంగా చూపాలి. పక్కపక్కనున్న రెండింటిలో మాత్రమే తక్కువ చూపితే, వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందనడానికి బలమైన ఆధారం. అయిదోది లీక్‌డౌన్: పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో సిలిండర్లోకి కంప్రెసర్ గాలి పంపి, చెవితో వెతకడం. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లాగే గొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే చోట వినిపిస్తే రింగులు, రేడియేటర్లో బుడగలు వస్తే గ్యాస్కెట్ లేదా పగులు.

ఆరోది ఆయిల్ కూలర్. విప్పి, ఆయిల్ వైపు రంధ్రాలు మూసి, గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచితే సరి. కూలెంట్‌లో ఆయిల్ కనిపించి, మంట వాయువు జాడ లేనప్పుడు ఈ పరీక్షనే ముందుకు జరపాలి. డీజిల్ కారులో కూలెంట్ తగ్గుతూ తెల్లపొగ వస్తుంటే, పొగ వాయువులను చల్లార్చే ఈజీఆర్ కూలర్‌ను కూడా విడిగా చూడాలి.

లాంగ్‌బ్రిడ్జ్ పాఠం

గ్యాస్కెట్ పేరు చెప్పగానే బ్రిటన్‌లో మెకానిక్‌లకు గుర్తొచ్చే ఇంజిన్ ఒకటుంది: రోవర్ కే-సిరీస్. బర్మింగ్‌హామ్ శివార్లలోని లాంగ్‌బ్రిడ్జ్‌లో తయారై 1989 నుంచి కార్లలో వచ్చిన ఈ ఇంజిన్ ఆ కాలానికి తేలికైనది, తెలివైనది. హెడ్, బ్లాక్, కింది బేరింగ్ చట్రం అన్నీ అల్యూమినియమే. వాటన్నిటినీ పైనుంచి కింది దాకా గుచ్చే పొడవాటి పది బోల్టులు కలిపి పట్టుకుంటాయి. మొదట 1.1, 1.4 లీటర్ల ఇంజిన్లుగా పుట్టిన డిజైన్‌ను తర్వాత 1.8 లీటర్ల దాకా సాగదీశారు. బోరు పెరిగింది, లైనర్ల అమరిక మారింది. పెద్ద ఇంజిన్లలో హెడ్ గ్యాస్కెట్ పదేపదే పోవడం కే-సిరీస్ పేరును చెడగొట్టింది.

వర్క్‌షాపులు గ్యాస్కెట్ మార్చేవి, కొన్ని బండ్లు మళ్లీ వచ్చేవి. ఎందుకంటే కారణం ఒకటి కాదు. త్వరగా వేడెక్కాలని ఇంజిన్లో కూలెంట్ తక్కువ పెట్టారు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర కొద్దిగా కారినా లోటు త్వరగా ముదిరేది. థర్మోస్టాట్ లోపలికి వచ్చే వైపు ఉండటంతో అది తెరుచుకున్నప్పుడల్లా వేడి ఇంజిన్లోకి చల్లటి కూలెంట్ ఒక్కసారిగా దూకేది. హెడ్‌ను సరిగ్గా కూర్చోబెట్టే పిన్నులు ప్లాస్టిక్‌వి కావడంతో హెడ్ అటూ ఇటూ కదలడానికి వీలుండేది. లైనర్ అంచు బ్లాక్ ముఖం కంటే కొద్దిగా పైకి ఉండాలి. అది కుంగితే గ్యాస్కెట్ మీద నొక్కు చాలదు. గ్యాస్కెట్ మీది రబ్బరు గీత ఊడిపోతే ఆయిల్, కూలెంట్ కలిసేవి. తర్వాతి కాలంలో స్టీలు పిన్నులు, పలు పొరల స్టీలు గ్యాస్కెట్, మార్చిన థర్మోస్టాట్ వచ్చాయి. 2005లో ఎంజీ రోవర్ కంపెనీ కూలిపోయింది. ఈ ఇంజిన్‌ను బాగుచేయడం నేర్చుకున్న మెకానిక్‌లు గ్యాస్కెట్‌తో పాటు లైనర్ ఎత్తును, కూలెంట్ కారే మిగతా చోట్లనూ కొలిచి చూడటం అలవాటు చేసుకున్నారు.

హెడ్ ఊడదీశాక

పరీక్షలన్నీ గ్యాస్కెట్ వైపే చూపి, హెడ్ దిగాక కూడా నిర్ధారణ ముగియదు. పాత గ్యాస్కెట్‌ను పారేయకుండా చదవాలి. రెండు రంధ్రాల మధ్య మసి గీత కనిపిస్తే మంట దాటిన దారి అదే. మిగతావాటి మీద మసి ఉండి ఒక్క పిస్టన్ తల మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే, కూలెంట్ చేరింది ఆ సిలిండర్లోకే. గ్యాస్కెట్ మీద ఎక్కడా గుర్తు లేకపోతే ఆగి ఆలోచించాలి: హెడ్‌లో పగులుందేమో, ముందు చేసిన పరీక్ష తప్పేమో.

హెడ్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ఫీలర్ గేజ్‌తో వంకర కొలుస్తారు. చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ చేయించాల్సిందే. ఖచ్చితమైన హద్దు ఆ ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది. కొత్తగా బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి వరుసలో, దశలవారీగా బిగించాలి. ఇప్పటి చాలా ఇంజిన్లలో కొంత టార్క్ దాకా బిగించి, ఆపైన చెప్పినన్ని డిగ్రీలు తిప్పమంటారు. అలా తిప్పినప్పుడు బోల్టు కావాలనే శాశ్వతంగా సాగుతుంది. అలాంటి బోల్టును మళ్లీ వాడకూడదు. తర్వాత చాంబర్, ఆయిల్ దారులు, రేడియేటర్, హీటర్ అన్నీ కడగాలి. మొదటి ఆయిల్‌ను కొద్ది దూరం నడిపి తీసేసి, ఫిల్టరుతో సహా మార్చాలి. గ్లైకాల్ కొంచెం మిగిలినా బేరింగులను తింటూనే ఉంటుంది.

బండి మళ్లీ నడుస్తుంది. మిగిలేది ఒక్క ప్రశ్న: అసలు ఎందుకు హీటెక్కింది? రేడియేటర్ మూత పట్టు తప్పిందా, ఫ్యాన్ తిరగలేదా, థర్మోస్టాట్ పట్టేసిందా, వాటర్ పంపు రెక్కలు అరిగాయా, బోరు నీళ్ల పొర పేరిందా? వాటిలో ఏదో ఒకటి గ్యాస్కెట్‌ను పోగొట్టింది; దాన్ని అలాగే వదిలితే కొత్త గ్యాస్కెట్‌నూ పోగొడుతుంది. కాబట్టి బిల్లులో "హెడ్ గ్యాస్కెట్ మార్చాం" అన్న లైను పక్కన అది ఎందుకు పోయిందో చెప్పే లైను కూడా అడిగి రాయించుకోండి. ఆ రెండో లైను రాయలేని రిపేరు సగం రిపేరే.